దయయు దండమును

ధర్మము హృదయమున పుట్టవలసినది. దానిని శాసనము పుట్టింపగలదా? పుట్టింపలేనిచో శాసనమేల? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనము. ఐనను ప్రతి తరమునను ఏదో యొక క్రొత్త రూపమున అది మన యెదుటికి వచ్చుచునే యుండును. రాజ్యములు, యుద్ధములు, సంఘ సంస్కారములు అను పెద్ద విషయములలోనే కాక, ఒక యింటి పెరటిలోని కుందేటి గూటివద్దను అది నిలిచియున్నది. గూటిలో మూగజీవి, ప్రక్కన దానిని పెంచిన గృహస్థుడు, గుమ్మమున తనిఖీకై వచ్చిన అధికారి. ఈ మువ్వురి నడుమ ధర్మమెచ్చట నున్నదో విచారించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

విషయము అల్పమని పాఠకులు తలంపరాదు. బలవంతునియెడ మనము చూపు మర్యాదలో భయము కలిసియుండును. సమానునియెడ చూపు స్నేహములో ప్రతిఫలాపేక్ష కలిసియుండును. కుందేలు మనలను భయపెట్టలేదు, ప్రత్యుపకారము చేయలేదు, మనపై అర్జీ వ్రాసికొనలేదు. కావున దానియెడ మనము నడచుకొను తీరులో మన స్వభావము దాపరికము లేక బయటపడును.

శాసనములు వచ్చిన క్రమము

ఆధునిక కాలమున పశుహింసను శాసనముచే అరికట్టజూచిన తొలి ప్రయత్నములలో, ఇంగ్లండున రిచర్డు మార్టిన్ కృషి ఫలముగా 1822లో వెలువడిన చట్టము ప్రసిద్ధమైనది. 1824లో లండను నగరమున ఏర్పడిన జంతుహింసా నివారణ సంఘము, చట్టము కాగితముపై నున్నంత మాత్రమున చాలదని గ్రహించి, సంతలకు పోయి స్వయముగా చూచివచ్చుటకు ఇన్స్పెక్టర్లను నియమించెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1966వ సంవత్సరమున వచ్చిన చట్టము, ముఖ్యముగా ప్రయోగశాలలకు పోవు జంతువులను దృష్టియందుంచుకొని, కుక్క, పిల్లి, కోతి జాతులు, గినీపంది, హామ్‌స్టర్ అను వానితోపాటు కుందేటిని కూడ పేరుపెట్టి చేర్చినది.

మన దేశమున 1953లో శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో జంతుహింసా నివారణకై ఒక బిల్లును ప్రవేశపెట్టిరి. ప్రభుత్వమే అట్టి బిల్లును తెచ్చునని నెహ్రూ హామీ యీయగా ఆమె దానిని ఉపసంహరించుకొనిరి. ఆ హామీ ఫలించి 1960లో చట్టమైనది. 1962లో ఆమె ఆధ్వర్యముననే జంతు సంక్షేమ మండలి మద్రాసున వెలసినది. జంతువు ఎవరి అధీనమున నున్నదో వారు దాని క్షేమమునకు తగిన ఏర్పాట్లన్నియు చేయవలెననియు, అనవసరమైన బాధ కలుగకుండ చూడవలెననియు ఆ చట్టము మూడవ సెక్షనులోనే విధించినది. పెంపుడు జంతువులనమ్ము దుకాణములను గూర్చి 2018లో వచ్చిన నియమములు కుందేటిని కూడ ఆ జంతువులలో చేర్చి, దుకాణదారులు రాష్ట్ర మండలియొద్ద నమోదు చేసికొనవలెనని శాసించినవి.

ఇట్లు రెండు వందల యేండ్లలో సంతలోని గొడ్డునుండి పంజరములోని కుందేటి వరకు చట్టము చేయి చాచినది. ఇది మానవజాతి మనస్సు కొంత విశాలమైనదనుటకు గుర్తు. కాని చట్టము గుమ్మములోనికి అడుగిడిన చోటనే తగవును మొదలైనది.

తగవు స్వరూపము

2011లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమున ఇంటి పట్టున కుందేళ్ళను పెంచి అమ్ముకొను ఒక కుటుంబమునకు అచటి వ్యవసాయశాఖనుండి తొంబది వేల డాలర్లకు పైబడిన జరిమానా చెల్లింపుమని ఉత్తరువు వచ్చినది. కుందేళ్ళవంటి జంతువుల అమ్మకముపై ఏడాదికి 500 డాలర్లకు మించి రాబడి గలవారు లైసెన్సు పొందవలెనని నియమము. ఆ కుటుంబము దానిని పొందలేదు. వారు కుందేళ్ళను హింసించిరని కాదు, లైసెన్సు లేక అమ్మిరని వారిపై వచ్చిన అభియోగము. ఈ వార్త ఆ దేశమున పెద్ద కలవరమును పుట్టించినది. ఒక పక్షమువారు ఇది అధికార మదమనిరి. మఱియొక పక్షమువారు నియమము నియమమే యనిరి. ఆ వివాదమును పరిశీలించువారికి ఒక చిత్రమైన సంగతి తోచును: రెండు పక్షములును డబ్బును గూర్చి, హక్కును గూర్చి, అధికారమును గూర్చి మాటలాడినవి, కుందేటిని గూర్చి మాటలాడినవారు అరుదు.

చిన్న పెంపకందార్లు చెప్పుకొను కష్టములలో నిజమున్నది. పెద్ద సంస్థకు లెక్కలు వ్రాయుటకు గుమాస్తాలుందురు, వాదించుటకు వకీళ్ళుందురు. పది కుందేళ్ళను పెంచువానికి అట్టివారెవ్వరును లేరు. పెద్దదానికై వ్రాసిన నియమము చిన్నవాని నెత్తిపై పడినప్పుడు అది బరువగుట సహజము. అంతేకాదు; కుందేటి స్వభావమెఱుగని అధికారి చూపు పొరబడవచ్చును. ఈనిన తల్లి తన పొట్టపై బొచ్చు పెరికి గూడు పరచి, పిల్లలను అందులో దాచి, రోజునకు ఒకమారు మాత్రమే కొలది నిమిషముల సేపు పాలిచ్చి తొలగిపోవును. దగ్గరనుండిన శత్రువునకు గూటి జాడ తెలియునని దాని సహజ జాగ్రత్త. ఇది తెలియనివాడు తల్లి పిల్లలను విడిచినదని వ్రాసికొనును. కుందేలు తన మెత్తని పెంటికలను తానే తిని మేతలోని సారమును రెండవమారు గ్రహించును. ఇది తెలియనివాడు ఆకలిచే మలమును తినుచున్నదని వ్రాసికొనును. క్రొత్తవాని చప్పుడునకు బెదరిన తల్లి పిల్లలను త్రొక్కివేయుటయు కలదు. ఒక దొడ్డినుండి మఱియొక దొడ్డికి చెప్పులు మార్చక పోవు అధికారి తానే రోగమును మోసికొనిపోవచ్చును. 1984లో చైనాలో తొలుత గుర్తింపబడిన కుందేళ్ళ రక్తస్రావ వ్యాధి మనుష్యుల బట్టలవలన, పాదరక్షలవలన, పనిముట్లవలన కూడ వ్యాపించును. కావున “కాళ్ళు కడిగికొని రండి, ఈనిన గూటిని కదపకుడు” అని యజమాని కోరినచో అది ధిక్కారము కాదు, ధర్మమే.

ఇక రెండవ పక్షము. కుందేలు నొప్పిని దాచుకొను ప్రాణి. అడవిలో బలహీనతను బయటపెట్టిన కుందేలు శత్రువు నోట పడును గనుక, మేత మానువరకును, ఒక మూల ముడుచుకొని కూర్చుండువరకును దాని రోగము సామాన్య దృష్టికి తెలియదు. దాని పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. నమలుటకు తగిన గడ్డి లేకున్న అవి పెరిగి నోటిని గాయపరచును. అది వేడికి తాళలేదు. నీడలో ముప్పది రెండు డిగ్రీలు దాటిననే దానికి గండము. నలుబది దాటు మన ఆంధ్ర, తెలంగాణ గ్రీష్మములో రేకుల కప్పు క్రింద దానిని ఉంచి తడిపిన గోనెపట్ట యైనను వ్రేలాడదీయనివాడు, చేయి చేసికొనకయే దానిని చంపినవాడగును. “నేను వానిని ప్రాణముగా చూచికొందును” అని యజమాని అనవచ్చును. ఆ మాట నిజమై యుండవచ్చును గూడ. కాని మనుష్యుని ప్రేమ ఎంత తఱచుగా కన్నుమూసికొని నడచునో మనకు తెలియనిది కాదు. కుందేలు ముప్పదియొక్క దినములలో ఈనును. ఒక్కటిని విడువలేని ప్రేమ కొలది కాలములోనే ఇరుకు పంజరములో పదులకొలది ప్రాణులను క్రుక్కును. అపుడు మఱియొకని కన్ను అవసరము. ఆ రెండవ కన్నే తనిఖీ.

హింస ఎచటనుండి పుట్టును?

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని మన పెద్దలు సామెత చెప్పిరి. పైని తగవులో ఇరువురును ఆ సామెతలోని మనుష్యులే యగుదురు. అధికారి తన పుస్తకములోని మూడు కాళ్ళను చూచును. యజమాని తన అలవాటులోని మూడు కాళ్ళను చూచును. ఎదుట నాలుగు కాళ్ళపై నిలిచియున్న జీవిని ఇరువురిలో ఎవరును చూడరు.

ఈ అంధత్వమునకు మూలమేమి? పతంజలి మహర్షి యోగశాస్త్రమున అహింసను యమములలో మొదటిదానినిగా చెప్పి, హింసాదులు మూడు విధముల జరుగుననిరి: తాను చేయుట, ఇతరులచే చేయించుట, జరుగుచుండగా సమ్మతించుట. వానికి మూలములును మూడనిరి: లోభము, క్రోధము, మోహము. ఈ విభాగమును కుందేటి గూటికి పట్టి చూడుడు. నాలుగు జీవులుండదగిన చోట పదింటిని పెట్టి మేత తగ్గించుట లోభము. తనిఖీలో అవమానము పొందిన యజమాని అధికారిపై పగతో తలుపు మూసికొనుటయు, ఎదురు మాట విన్న అధికారి ఆ యజమానిని లొంగదీయుటకే చిన్న తప్పును పెద్దది చేయుటయు క్రోధము. మోహమన్ననో, అది మిగిలిన రెంటికంటె సూక్ష్మము. “జంతువుల మేలు కొఱకే నేనిది చేయుచున్నాను” అను నమ్మకమే దాని రూపము. అట్లు నమ్మినవాడు తన్ను తాను పరీక్షించుకొనుట మానును. యజమానియందును, అధికారియందును, జంతుప్రేమికులమని చెప్పుకొను వారియందును ఈ మోహము సమానముగానే కానవచ్చును.

చట్టము ఈ మూడింటిలో దేనిని అరికట్టగలదు? లోభమును కొంతవరకు అరికట్టగలదు. జరిమానా భయముచే లోభి వెనుకంజ వేయును. క్రోధమును అరికట్టలేకపోవుటయే కాక, ఒక్కొక్కప్పుడు పెంచును. మోహమును తాకనైన తాకలేదు. దండమునకు గల హద్దు ఇదియే.

ఈ హద్దును దాటింపజూచినచో నష్టపోవునది మూగజీవియే. దండముచే మాత్రమే బెదరిన పెంపకందారు ఏమి చేయును? కుందేలు జబ్బుపడగానే పశువైద్యునికి కబురు పెట్టుటకు వెనుదీయును. కబురు అధికారికి చేరునేమో, లైసెన్సు పోవునేమో యని వెరచును. చచ్చినదానిని చీకటిలో పూడ్చును. రోగము ప్రక్క గూటికి పాకును. జీవిని రక్షించుటకు వెలసిన భయము ఈ విధముగా ఆ జీవికే మృత్యువగును. హింసను వెదకుచు వచ్చినవాడు తానెఱుగకయే హింసను చేయించినవాడగును.

ప్రియదర్శి అనుభవము

ఈ సత్యమును అనుభవముచే తెలిసికొని శిలపై చెక్కించిన చక్రవర్తి యొకడు మన దేశమున నుండెను. అశోకుడు బలి కొఱకు జీవులను చంపుటను నిషేధించెను. మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పరచెను. ధర్మమును పరిశీలించుటకు ధర్మమహామాత్రులను అధికారులను నియమించెను. మన కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి బండలపై ఆ శాసనములు నేటికిని కలవు. పట్టాభిషేకమైన యిరువదియేడవ వత్సరమున తాను వ్రాయించిన ఏడవ స్తంభశాసనమున, ఇప్పుడు ఢిల్లీలోనున్న తోప్రా స్తంభముపై, ఆతడు తన జీవితకాలపు ప్రయత్నమును తూచి చూచికొనెను. ప్రజలయందు ధర్మము వృద్ధిపొందుటకు రెండు మార్గములు కలవు: నియమము, హృదయమునకు నచ్చజెప్పుట. వానిలో నియమము తేలిక విలువ గలది, నచ్చజెప్పుటయే గొప్పదని ఆ శాసన భావము. ఈ యీ జీవులు అవధ్యములని నియమము తానే చేసియుండియు, ప్రాణులయెడ అహింస పెరిగినది నచ్చజెప్పుటవలననే యని ఆ మహారాజు ఒప్పుకొనెను.

ఆలోచింపుడు. ఆతనికి సైన్యము కలదు, దండనాధికారము కలదు. అట్టి చక్రవర్తి దండముయొక్క తక్కువతనమును తానే చాటెను. అయినను నియమములను రద్దు చేయలేదు. నియమము లేనిచో నచ్చజెప్పుటకు నిలుకడ యుండదని ఆతడెఱుగును.

బుస కొట్టుట, కాటు వేయుట

ఇచట ఒక ప్రశ్న పొడమును. నచ్చజెప్పుటయే గొప్పదైనచో అధికారి చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? నచ్చని వాని గూటిలోని జీవికి దిక్కెవరు?

శ్రీరామకృష్ణులు చెప్పుచుండిన పాము కథ దీనికి సమాధానము. బ్రహ్మచారి ఉపదేశముచే హింస మానిన పామును పసులకాపరి పిల్లలు చావమోదిరి. తిరిగి వచ్చిన బ్రహ్మచారి దానిని చూచి, కఱవవలదంటినిగాని బుసకొట్టవలదనలేదు గదా యని మందలించెను. బుస లేని మంచితనము లోకమున నిలువదు. కాటు వేయు మంచితనము మంచితనమే కాదు.

ఇంగ్లండు, వేల్సు దేశములకు 2006లో వచ్చిన జంతు సంక్షేమ చట్టమున ఈ వివేకము కొంత కానవచ్చుచున్నది. యజమాని తన విధిని సరిగా నెరవేర్చుట లేదని తోచినచో, లోపములివి, చేయవలసినవివి, గడువింత యని తెలుపు నోటీసును అధికారి ఈయవచ్చును. గడువు తీరువరకు ఆ లోపమునకై అభియోగము తేరాదు. ఇది బుస. తప్పు దిద్దుకొను అవకాశము దీనిలో నున్నది. తప్పించుకొను అవకాశము లేదు. మన 1960 చట్టము తొలి నేరమునకు పది రూపాయలనుండి యేబది రూపాయలవరకు మాత్రమే జరిమానా విధించినది. ఒకచోట జరిమానా తొంబది వేల డాలర్లు దాటి పంజరపు వెలకు పొంతన లేక పోయినది. ఇంకొకచోట ఒక పూట మేత వెలకైనను సరిపోనిదైనది. ఒకటి కాటు, రెండవది కోరలును బుసయును లేని పాము. తగిన దండము ఈ రెంటి నడుమ నుండవలెను. తప్పును మాన్పుటకు ఎంత చాలునో అంతయే దానికి కొలత.

మాంసము కొఱకు పెంచుటను గూర్చి

అహింసాపరులైన పాఠకులు మఱియొక ఆక్షేపణ చేయుదురు. తుదకు చంపి తినుటకో, చర్మమునకో పెంచు జీవికి పంజరము విశాలముగా నున్నదా లేదా యని కొలుచుట కపటము కాదా? ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. అమెరికా చట్టము ఆహారమునకును, ఉన్నికిని పెంచు కుందేళ్ళను తన రక్షణనుండి మినహాయించినది. ఒకే తల్లి పిల్లలలో ఆట కొఱకు అమ్మబడిన దానికి తనిఖీ కలదు, ఆహారమునకు పోవుదానికి లేదు. బాధకు మాత్రము ఈ భేదము తెలియదు. మనుష్యుడు తన ప్రయోజనమును బట్టి జీవిని విభజించెను; ప్రాణము అట్లు విభజింపబడలేదు. విద్వాంసునియందును, ఏనుగునందును, కుక్కయందును ఒకే వస్తువును చూచువాడు పండితుడని గీత చెప్పిన సమదర్శనము ఇచటనే మనకు అక్కరకు వచ్చును.

చంపకుండుట ఉత్తమము, సందేహము లేదు. కాని ఉత్తమమును అందుకొనలేని కోట్లకొలది జనుల చేతులలో జీవులు ఈ దినమున బ్రదుకుచున్నవి. రేపు చంపబడు ప్రాణికి ఈనాటి దాహము ఈనాడే. దానికి నీరు పోసినవాడు కపటి కాడు, ఒక మెట్టు ఎక్కినవాడు. మెట్టుపైననే నిలిచిపోయి ఇదియే శిఖరమని తలంచుట మాత్రము మోహము.

దయ యెవరిది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. 1884లో దక్షిణేశ్వరమున వైష్ణవమతమును గూర్చి ప్రసంగించుచు శ్రీరామకృష్ణులు జీవులపై దయ అను మాటవద్ద ఆగిపోయిరి. దయ చూపుటకు మనమెవరము? శివుడని తలంచి జీవుని సేవింపవలెను, అని వారి తాత్పర్యము. వినుచున్న నరేంద్రునకు అందు ఒక క్రొత్త వెలుగు కానవచ్చినది. అదియే కాలక్రమమున సేవాధర్మముగా దేశమంతట ప్రసరించినది.

దయలో ఒక యెత్తు, ఒక పల్లము కలవు. దయ చూపువాడు పైననుండును. పెంపకందారు “నా కుందేళ్ళు, నా దయ” అనును. అధికారి “నా చట్టము, నా దయ” అనును. ఎవరి దయ గొప్పదియను వాదములో పగలంతయు గడచును. సేవయందు అట్టి పోటీకి చోటులేదు. సేవకుల కిద్దరికిని యజమాని యొక్కడే. గూటిలోని జీవియందు అంతర్యామి యున్నాడని ఇరువురును నమ్మినచో, యజమాని తనిఖీని అవమానముగా కాక తన కంటికి తోడుగా ఎంచును; అధికారి లోపమును కనుగొనుటను తన విజయముగా కాక జీవికి కలిగిన కష్టముగా ఎంచును.

ఇది కేవలము భావన కాదు. ఆచరణలో దీనికి గుర్తులు కలవు. అధికారి కుందేటి స్వభావమును ముందు నేర్చికొని రావలెను. ఈనిన గూటిని దూరమునుండి చూడవలెను. తప్పును చూపినప్పుడు దిద్దుకొను తీరును కూడ చూపవలెను. క్రూరుని, ఎఱుగనివానిని ఒక్క గాటను కట్టరాదు. కావలెనని హింసించువాని విషయమున జాలి చూపి ఆలసించుట అధికారికి దయ కాదు, హింసకు సమ్మతించుటయే. పెంపకందారు తన శక్తికి మించి పెంచరాదు. జబ్బును, చావును దాచరాదు. పొరుగువాడు అడుగకముందే తన గూళ్ళను చూపగలిగిన స్థితిలో ఉంచుకొనవలెను. కొనువారికిని బాధ్యత కలదు. పిల్లల ముచ్చటకై కుందేటిని కొని, నెల తిరుగగనే మరచిపోవు గృహస్థుని యింటికి ఏ తనిఖీ అధికారియు రాడు. అచట చట్టము లేదు, లైసెన్సు లేదు, జరిమానా లేదు. ఆ యింట రాత్రివేళ నీటి గిన్నె నిండియున్నదా లేదా యని లేచి చూచువాడే ధర్మమును ఆచరించువాడు.

శాసనము ధర్మమును పుట్టింపలేదు. కాని ధర్మము ఇంకను పుట్టని చోట జీవిని బ్రదికించియుంచుటకు, పుట్టిన చోట అది కన్నుమూయకుండ చూచుటకు శాసనము కావలెను. తనిఖీ పుస్తకమున ఏ లోపమును లేదని వ్రాయబడిన దినమున గృహస్థుని బాధ్యత తీరిపోదు. అధికారి వెడలిపోయిన పిమ్మట ఆ జీవియెదుట మిగులువాడు తానే. దానియందున్న సర్వాంతర్యామియైన సాక్షికి తాళము వేసిన తలుపులు లేవు. ఆయన రాక కొఱకు ముందుగా గూడు తుడిచియుంచుటకును వీలులేదు, ఏలయన ఆయన ఎన్నడును వెడలిపోలేదు. ఈ ఎఱుకతో మూగజీవికి నీరు పోయు చేతికి దండ భయముతో పనిలేదు.